ఇన్వర్టర్ బ్యాటరీ: మార్చాలా వద్దా, మార్చితే ఎలా

ఒక్క కొబ్బరి మట్ట వైర్ల మీద పడితే చాలు, మా కోనసీమలో సగం ఊరికి కరెంటు ఉండదు. లైన్‌మన్ వచ్చి, ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే ఆ లైన్‌లో కరెంటు ఆపించే అనుమతి) తీసుకుని, మట్ట లాగేసి మళ్లీ లైన్ ఇచ్చేసరికి గంటో రెండు గంటలో. ఆ కాసేపటి కోసమే మెట్ల కింద ఇన్వర్టర్ పెట్టుకున్నాం. అదీ పది నిమిషాలకే కీచుమంటూ ఆగిపోతే ఏం చేస్తాం, షాపుకి ఫోన్ చేస్తాం. "బ్యాటరీ పోయిందండీ, కొత్తది పంపమంటారా?" అంటారు వాళ్లు. చూడకుండానే.

కాస్త ఆగండి. గడిచిన పదిహేనేళ్లలో మా ఇంట్లో, అత్తగారింట్లో, బాబాయిగారింట్లో కలిపి ఏడు బ్యాటరీలు మార్చాను. అందులో రెండు మార్చక్కర్లేనివని ఇప్పుడు తెలుస్తోంది. ఒకటి మేం చేతులారా చంపుకున్నది. ఒకటి తూకంలో మోసపోయి కొన్నది. ఆ అనుభవంతోనే ఇదంతా రాస్తున్నాను.

ముందు బ్యాటరీ పోయిందో, ఇంకేదైనా పోయిందో తేల్చండి

ఈ పని పగలు పెట్టుకోండి. ఇన్వర్టర్ ముందున్న స్విచ్ ఆపి, గోడ దగ్గర ప్లగ్ తీసెయ్యండి. బ్యాటరీ మీద ప్లస్, మైనస్ టెర్మినళ్లు చూడండి. తెల్లగానో పచ్చగానో పిండి కట్టి ఉంటే సగం జబ్బు అక్కడే ఉంది. ఆ పిండి అడ్డం పడితే ఛార్జింగూ సరిగ్గా ఎక్కదు, లోడూ లాగదు. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు గాలి తగిలే ఇళ్లలో ఇది మరీ తొందరగా పడుతుంది.

మైనస్ వైరు ముందు, ప్లస్ వైరు తర్వాత ఊడదియ్యండి. గ్లాసుడు వేణ్ణీళ్లలో రెండు చెంచాల వంటసోడా కలిపి, పాత పళ్ల బ్రష్షుతో రుద్దండి. బుసబుసా పొంగుతుంది, కంగారు పడొద్దు. సోడా నీళ్లు మూతల సందుల్లోంచి లోపలికి మాత్రం పోనివ్వకండి, లోపలున్న యాసిడ్ విరిగిపోతుంది. తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, నట్లు గట్టిగా బిగించి, పైన వాసెలిన్ పూయండి. మా అత్తగారింట్లో పావుగంటకే ఆగిపోతున్న బ్యాటరీ ఈ ఒక్క పనితో మరో రెండేళ్లు నడిచింది. అంతకుముందు అదే జబ్బుకి మా ఇంట్లో కొత్తది కొనేశాను, తెలియక.

తర్వాత నీళ్లు చూడండి. ఒక్కో సెల్‌కి, అంటే బ్యాటరీ లోపలి ఒక్కో గదికి, ఒక్కో ఫ్లోటు (నీటిమట్టం చూపించే తేలే పుల్ల) ఉంటుంది, మొత్తం ఆరు. పుల్ల పైకి లేచి పచ్చగీత కనబడితే సరే. ఎర్రగీత దాకా దిగిపోతే దాహంతో ఉన్నట్టు. నీళ్లెలా పోయాలో కింద విడిగా చెబుతాను, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువ తప్పులు చేసేది అక్కడే.

రెండూ బాగానే ఉన్నా సమయం రావట్లేదంటే అప్పుడు కొలవాలి. ఎలక్ట్రికల్ షాపులో దొరికే మామూలు మల్టీమీటర్ చాలు. పూర్తిగా ఛార్జ్ అయ్యాక వైర్లు తీసి మూడు నాలుగు గంటలు ఊరికే వదిలెయ్యండి. ఛార్జింగ్ ఆపిన వెంటనే కొలిస్తే మీటరు మంచి అంకె చూపించి మోసం చేస్తుంది. 12.6 నుంచి 12.8 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. ఎంత ఛార్జ్ చేసినా 10.5 దగ్గరే ఆగిపోతోందంటే ఆరు సెల్స్‌లో ఒకటి చచ్చిపోయింది. ఒక్కో సెల్‌ది రెండు వోల్టుల పైచిలుకు కాబట్టి లెక్క అక్కడే తేలిపోతుంది.

అంకె బాగుంది, సమయం మాత్రం రావట్లేదంటారా? వైర్లు తగిలించి, గోడ ప్లగ్ తీసేసి ఉంచి, ఇన్వర్టర్ మీద రెండు ఫ్యాన్లు వెయ్యండి. మీటర్ టెర్మినళ్ల మీద పట్టుకుని పది నిమిషాలు చూడండి. 12.6 నుంచి జారి పదకొండు కిందికి దిగిపోతే లోపలి ప్లేట్లు అరిగిపోయాయి. అలాంటిదానికి మందు లేదు.

ఇంకొంచెం ఓపికుంటే హైడ్రోమీటర్ కొనుక్కోండి. గాజు గొట్టానికి రబ్బరు బుడ్డి తగిలించిన చిన్న పరికరం, ఖరీదు పెద్దగా ఉండదు. ఒక్కో సెల్ లోంచి యాసిడ్ పైకి పీలిస్తే లోపల తేలే గొట్టం మీద ఆ యాసిడ్ ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె కనబడుతుంది. ఇన్వర్టర్ బ్యాటరీ నిండుగా ఉంటే 1.240 చుట్టుపక్కల చూపిస్తుంది. మీదెంత ఉండాలో లేబుల్ మీద రాసే ఉంటుంది. ఐదు సెల్స్ 1.240 చూపించి ఒకటి 1.150 చూపిస్తే ఆ సెల్ పోయింది, బ్యాటరీ మార్చాల్సిందే. ఆరూ సమానంగా 1.170 దగ్గరుంటే మాత్రం తొందరపడకండి. అది ఛార్జింగ్ చాలక నీరసపడ్డ బ్యాటరీ. లోడ్ ఏమీ వెయ్యకుండా ఒకటిన్నర రోజు ఛార్జింగ్‌లో ఉంచి మళ్లీ కొలవండి. నేను అనవసరంగా మార్చిన రెండోది ఇలాంటిదే. దాన్ని ఎక్స్ఛేంజ్‌లో పట్టుకెళ్లినవాళ్లు ఛార్జ్ చేసి ఇంకెవరికో అమ్ముకుని ఉంటారని నా అనుమానం.

హైడ్రోమీటర్ వాడేటప్పుడు కళ్లద్దాలు, రబ్బరు చేతి తొడుగులు తప్పనిసరి. మంచి లుంగీ కట్టుకుని కూర్చోకండి. యాసిడ్ చుక్క పడ్డప్పుడు ఏమీ కనబడదు, ఉతికాక జల్లెడ అయి వస్తుంది.

ఎంత పెద్దది కావాలో మీరే లెక్క వేసుకోండి

షాపువాడు "ఎన్ని గదులండీ?" అని అడిగి లెక్క చెప్పేస్తాడు. గదులకి కరెంటు ఖర్చు కాదు, ఫ్యాన్లకి అవుతుంది. కాగితం తీసుకుని రాయండి. పాత సీలింగ్ ఫ్యాన్ ఒక్కొక్కటి 75 వాట్లు, మూడు ఫ్యాన్లకి 225. ఎల్ఈడీ బల్బు 9 వాట్లు, నాలుగుకి 36. టీవీ 70, వైఫై పెట్టె 10. మొత్తం 341 వాట్లు.

ఇప్పుడు బ్యాటరీ వైపు. 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీ ఎంత కరెంటు దాచుకుంటుందో చెప్పే కొలత) బ్యాటరీ 12 వోల్టులది, రెండూ గుణిస్తే 1800 వాట్ అవర్లు. కాగితం మీద అంతే. అడుగంటా లాగేస్తే బ్యాటరీ తొందరగా చెడుతుంది, ఇన్వర్టర్ కొంత తినేస్తుంది. మూడింట రెండు వంతులు, 1200 అనుకోండి. 1200ని 341తో భాగిస్తే మూడున్నర గంటలు. బ్యాటరీ పాతబడేకొద్దీ అదీ తగ్గుతుంది.

ఈ లెక్క వేసిన రోజే మా ఇంట్లో బ్యాటరీ సంగతి పక్కనపెట్టి ఫ్యాన్లు మార్చాం. బీఎల్‌డీసీ ఫ్యాన్ (కరెంటు తక్కువ తినే కొత్తరకం మోటారు ఫ్యాన్) 30 వాట్లతో తిరుగుతుంది. మూడింటికీ కలిపి 90. మొత్తం 206 వాట్లకి దిగింది, అదే బ్యాటరీ దగ్గర దగ్గర ఆరు గంటలొచ్చింది. 200 ఏహెచ్ కొందామనుకుంటున్నవాళ్లు ముందు ఈ లెక్క చూసుకోండి. ఫ్రిజ్, మిక్సీ, మోటారు మాత్రం ఇన్వర్టర్ లైన్ మీద ఉంచొద్దు.

ఒక చిన్న మెలిక. లేబుల్ మీద 150 ఏహెచ్ పక్కన సీ20 అనో సీ10 అనో ఉంటుంది. సీ20 అంటే ఇరవై గంటల పాటు మెల్లగా, 7.5 ఆంపియర్ల చొప్పున వాడితేనే ఆ 150 వస్తుంది. సీ10 అంటే పది గంటల్లో లాగేసినా అంత ఇస్తుంది. అంకె ఒకటే అయినా సీ10ది పెద్ద బ్యాటరీ. రెండు షాపుల ధరలు పోల్చేటప్పుడు ఇది చూడకపోతే మేకనీ ఆవునీ ఒకే ధరకి బేరమాడినట్టే.

ఏ రకం?

ఫ్లాట్ ప్లేట్ (లోపల చదునైన పలకలుండేది) చవక. రోజుకి ఓ పావుగంట కరెంటు పోయే టౌనులో అద్దె ఇంటికి సరిపోతుంది. మన ఊళ్లలో గంటలకొద్దీ పోతుంది కాబట్టి ట్యూబులర్ (పలకల బదులు గొట్టాలుండేది) నయం, అందులోనూ పొడుగ్గా ఉండే టాల్ ట్యూబులర్. యాసిడ్ ఎక్కువ పడుతుంది, నీళ్లు తరచూ పొయ్యక్కర్లేదు, సరిగ్గా చూసుకుంటే ఐదారేళ్లు వస్తుంది. మూతలు లేని ఎస్ఎంఎఫ్ బ్యాటరీలు నీళ్లడగవు కానీ మన ఎండలకి తొందరగా ఎండిపోతాయి. నేనైతే కొనను.

ఇక లిథియం. ఇళ్లలో వాడేది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. 12.8 వోల్టులు, 100 ఏహెచ్ అంటే 1280 వాట్ అవర్లు, దాదాపు అంతా వాడుకోవచ్చు. అంటే కాగితం మీద చిన్నదిగా కనబడ్డా పైన చెప్పిన 150 ట్యూబులర్‌కి సమానం. ఒక్క మనిషి చంకన పెట్టుకుని అటకెక్కించగలడు. నీళ్లు లేవు, యాసిడ్ లేదు. ధర మాత్రం ఎక్కువ, పైగా మీ ఇన్వర్టర్‌లో లిథియం సెట్టింగ్ ఉండాలి. లేకపోతే ఇన్వర్టర్ కూడా మార్చాలి. ఏటిగట్టు లోపలున్న లంక ఊళ్లవాళ్లకి నా ఓటు దీనికే, ఎందుకో చివర చెబుతాను.

షాపులో చూడాల్సినవి

తయారైన నెల, సంవత్సరం అడగండి. కొన్ని కంపెనీలు తేదీని కోడ్‌లో కొడతాయి, షాపువాళ్లకి చదవడం తెలుసు. గోడౌన్‌లో ఆరు నెలలు కూర్చున్న బ్యాటరీ కొత్తది కాదు. వారంటీ కార్డు మీద 36+24 అని ఉంటే అరవై నెలలూ ఉచితం అనుకోకండి. మొదటి 36 నెలల్లో పోతే కొత్తది ఇస్తారు, తర్వాతి 24 నెలల్లో పోతే కొత్తదాని ధరలో కొంత తగ్గిస్తారు, అంతే. కార్డు మీద ఆ రోజే ముద్ర, తేదీ వేయించుకోండి.

తూకం అన్నింటికంటే ముఖ్యం. బ్యాటరీ అంటే సీసం. సీసం తగ్గితే బరువు తగ్గుతుంది. 150 ఏహెచ్ టాల్ ట్యూబులర్ యాసిడ్‌తో కలిపి యాభై కిలోలు దాటుతుంది. కచ్చితంగా ఎంతో కంపెనీ కాగితంలో ఉంటుంది. ఓసారి ఎవరో తెలిసినవాళ్లు చెప్పారని పేరు వినని బ్యాటరీ చవగ్గా వచ్చిందని కొన్నాను. ఇద్దరం మొయ్యాల్సినదాన్ని కుర్రాడొక్కడే ఎత్తుకొచ్చి లోపల పెడుతుంటే అనుమానం వచ్చింది. పక్కవీధి కొబ్బరి కొట్టులో కాటా మీద పెడితే ముప్ఫై ఎనిమిది కిలోలు. రెండో వేసవికి గాలి విసరలేకపోయింది.

కంపెనీ పేర్ల గొడవలోకి నేను దిగను. తిరుపతి దగ్గర కరకంబాడిలో తయారయ్యేదైనా, బెంగాల్ నుంచి వచ్చేదైనా, మంచి కంపెనీలో మంచి మోడలూ ఉంటుంది, చవక మోడలూ ఉంటుంది. మీ టౌనులోనే సర్వీసు ఉన్నది తీసుకోండి.

మార్చడం

కొత్తది ఇంటికొచ్చేలోపు చోటు చూసుకోండి. మామూలు బ్యాటరీ ఛార్జ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ వదులుతుంది, అది అంటుకునే గాలి. దేవుడి గదిలో, దీపం వెలిగే చోట పెట్టకండి. మెట్ల కింద అల్మరాలో పెట్టి తలుపు మూసేసేవాళ్లున్నారు, ఆ తలుపుకి జాలీ పెట్టించండి. మేడ మీద రేకుల షెడ్డూ వద్దు. వేడి పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు సగానికి పడిపోతుందని లెక్క.

మెడలో గొలుసు, ఉంగరాలు, వాచీ తీసెయ్యండి. ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య బంగారపు గొలుసు వేలాడితే అది గొలుసుగా మిగలదు, మెడా కాలుతుంది. స్పానర్ పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టండి.

ఇన్వర్టర్ స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, ఐదు నిమిషాలాగండి. ఆ లైన్ మీదున్న ఫ్యాన్లు, లైట్లు ఆగిపోతాయి, ఇంట్లోవాళ్లకి ముందే చెప్పండి. వైర్లు ఎలా ఉన్నాయో ఫోన్‌తో ఒక ఫోటో తియ్యండి. మైనస్ ముందు విప్పి, కొసకి గుడ్డ చుట్టి పక్కకి తప్పించండి. తర్వాత ప్లస్. కారులోనైతే బాడీ అంతా మైనసే కాబట్టి ఈ వరుస తప్పితే ప్రమాదం. ఇంట్లో అంత లేకపోయినా చేతికి ఒకటే అలవాటు ఉండటం మంచిది.

పాతది ఎత్తడానికి ఇద్దరుండాలి. నిలువుగానే ఎత్తండి, పక్కకి వంచితే యాసిడ్ కారుతుంది. గచ్చు మీద ఈడిస్తే గచ్చూ పాడు, నడుమూ పాడు. నేల మీద యాసిడ్ పడితే వంటసోడా చల్లి, పొంగు ఆగాక నీళ్లతో కడగండి. చేతి మీద పడితే మాత్రం వెంటనే పంపు కింద పెట్టి పదిహేను ఇరవై నిమిషాలు కడగడమే. కంట్లో పడితే అలాగే కడుగుతూ డాక్టరు దగ్గరికి పరిగెత్తండి.

కొత్త బ్యాటరీని ట్రాలీలో పెట్టండి, ఉత్త నేల మీద వద్దు. రవాణా కోసం కొన్నింటికి మామూలు మూతలు బిగించి, ఫ్లోట్లు విడిగా సంచిలో ఇస్తారు. ఛార్జింగ్ పెట్టేముందు ఆ మూతలు తీసి ఫ్లోట్లు పెట్టాలి. ఇది మర్చిపోతే లోపలి గాలికి దారి ఉండదు.

ఇప్పుడు తిరగవరుస. ఎర్ర వైరు ప్లస్‌కి ముందు. నల్ల వైరు మైనస్‌కి తర్వాత. ఆఖరి వైరు తగలగానే చిటుక్కుమని ఒక మెరుపు వస్తుంది, ఇన్వర్టర్ లోపలి కెపాసిటర్లు నిండుతున్న చప్పుడది. స్పానర్ పారేసి పరిగెత్తక్కర్లేదు. కానీ ఎర్రదీ నల్లదీ తారుమారు చేస్తే మాత్రం ఫ్యూజుతో పోతే అదృష్టం, బోర్డు కాలితే ఇన్వర్టరే పోయినట్టు. తగిలించేముందు ఫోటో ఒకసారి, బ్యాటరీ మీది గుర్తు ఒకసారి చూడండి. నట్లు కదలకుండా బిగిస్తే చాలు, టెర్మినల్ సీసం కాబట్టి మరీ బిగిస్తే మర పోతుంది. పైన వాసెలిన్.

రెండు బ్యాటరీల ఇన్వర్టర్ అయితే రెండూ ఒకేసారి మార్చాలి. కొత్త ఎద్దుకి ముసలి ఎద్దుని జోడీ కడితే రెండూ నడవలేవు.

ఇన్వర్టర్ వెనక చిన్న స్విచ్ ఉంటుంది, బ్యాటరీ రకం ఎంచుకోవడానికి. ట్యూబులర్ పెట్టి స్విచ్ ఫ్లాట్ మీద వదిలేస్తే ఎప్పటికీ నిండదు. చాలా ఇళ్లలో మెకానిక్ కూడా ఇది చూడడు. ఛార్జింగ్ ఎంత ఇస్తుందో కూడా చూడండి, 150 ఏహెచ్‌కి 15 ఆంపియర్లు ఉంటే బాగు. ప్లగ్ పెట్టి, లోడ్ వెయ్యకుండా పది పన్నెండు గంటలు ఛార్జ్ చేయండి. మర్నాడు ప్లగ్ తీసి, రోజూ వాడే లోడంతా వేసి ఎంతసేపు వచ్చిందో గోడ మీద పెన్సిల్‌తో రాయండి, తేదీతో సహా. రెండేళ్ల తర్వాత "తగ్గిందా లేదా" అని ఇంట్లో వాదన వచ్చినప్పుడు ఆ గీతే సాక్ష్యం.

నీళ్లు

మేం చేతులారా చంపుకున్నామన్నానే, ఆ కథ ఇది. మా బాబాయి ఓ వేసవిలో ఫ్లోట్లు దిగిపోయాయని చూసి, ఇరవై లీటర్ల మినరల్ వాటర్ క్యాన్ వంచి ఆరు సెల్స్ నిండా పోసేశాడు. "తాగే నీళ్లేరా, బోరు నీళ్లు పోశానా ఏంటి?" అన్నాడు. ఏడాది తిరక్కుండా బ్యాటరీ పోయింది. తాగే నీళ్లలో ఉప్పులుంటాయి, అవి ప్లేట్లని తినేస్తాయి. సముద్రం దగ్గర బోరు నీళ్లయితే చెప్పనే అక్కర్లేదు. ఆర్‌వో నీళ్లు, ఏసీ నుంచి కారే నీళ్లు, వాన నీళ్లు అన్నీ మా చుట్టాల్లో ఎవరో ఒకరు ప్రయత్నించారు. కొబ్బరి నీళ్లొక్కటే మిగిలాయి. పెట్రోలు బంకుల్లో, బ్యాటరీ షాపుల్లో డిస్టిల్డ్ వాటర్ డబ్బా దొరుకుతుంది, అదే పొయ్యాలి. యాసిడ్ ఎప్పుడూ పొయ్యకూడదు. ఆవిరయ్యేది నీళ్లు, యాసిడ్ లోపలే ఉంటుంది.

ఛార్జింగ్ పూర్తయ్యాకే పోయండి. ఛార్జ్ అయ్యేకొద్దీ లోపలి మట్టం పైకి లేస్తుంది. ముందే నింపితే పొంగి కిందికి కారుతుంది. వేసవిలో నెలకోసారి, మిగతా రోజుల్లో రెండు నెలలకోసారి ఫ్లోట్లు చూస్తే చాలు.

పాతది ఏం చెయ్యాలి?

ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చెయ్యండి. ఎంతకో బేరమాడండి కూడా. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాతవాటిని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులది. వలకి కట్టే సీసం గుళ్ల కోసం పాత బ్యాటరీ ఇమ్మని ఒకరిద్దరు నన్ను అడిగారు. ఇవ్వలేదు. పగలగొట్టి పెరట్లో కరిగిస్తే ఆ పొగ, ఆ బూడిద పిల్లల ఒంట్లోకి పోతాయి, యాసిడ్ పక్క కాలవలోకి పోతుంది.

వరదొచ్చినప్పుడు

1986 ఆగస్టు వరదప్పుడు మన ఇళ్లలో ఇన్వర్టర్లు లేవు. 2022 జులైలో ఉన్నాయి, చాలా ఇళ్లలో ఎర్రనీళ్లలో మునిగాయి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది ఇస్తారు. ఏటిగట్టు లోపలి ఊరైతే మొదటి హెచ్చరిక రాగానే బ్యాటరీని నిండుగా ఛార్జ్ చేసుకోండి. రెండోది వచ్చేదాకా ఆగకుండా ప్లగ్ తీసి, మైనస్, ప్లస్ విప్పి పైకెక్కించండి. యాభై కిలోల ట్యూబులర్‌ని నడుంలోతు నీళ్లలో ఎత్తలేరు, లిథియం అన్నది అందుకే. పడవ వచ్చేలోపు చేతిలో సమయం లేకపోతే ఇన్వర్టర్నైనా పైకి పెట్టండి, బ్యాటరీ కంటే అది సున్నితం.

మునిగిన బ్యాటరీ పైకి బాగానే కనబడుతుంది, వెంటనే కలపకండి. ఫ్లోట్ల దగ్గర్నుంచి బురద నీళ్లు లోపలికి దిగి ఉంటే అది పనికిరాదు, హైడ్రోమీటర్‌తో పీల్చి చూస్తే ఎర్రగా మసకగా వస్తుంది. మునగనిది అయితే ఇంట్లో వరద నీళ్లు దిగి, గచ్చు ఆరి, గోడ ప్లగ్ లోపల తడి పూర్తిగా పోయిందని ఎలక్ట్రీషియన్ చూసి చెప్పాక దింపి పెట్టుకోండి. కొసలు మళ్లీ సోడాతో తుడిచి, ప్లస్ ముందు, మైనస్ తర్వాత.